తొట్టిలోని కలహప్రియుడు

నుదుట బొడిపెయు, ఎఱ్ఱని మేనును గల ఫ్లవర్‌హార్ను చేప అదృష్టము తెచ్చునని నమ్మి ఇంట పెంచువారు తిరుపతి, చిత్తూరు పట్టణములందును కలరు. ఇది ప్రకృతిసిద్ధమైన జాతి కాదు. 1990వ దశకమున మలేషియాలో, అమెరికాఖండపు చేపల సాంకర్యమువలన పుట్టించినది.

అంగడిలో వ్రేలెడుండు పిల్ల అడుగుపొడవు పెరుగును. తోడు చేపను చంపునదిగాన ఒంటరిగనే యుంచవలెను. ఇన్నూఱు లీటర్లకు తక్కువకాని తొట్టియు, నీటిని వడకట్టు యంత్రమును కావలయును. నీటి వెచ్చదనము 27 మొదలు 30 డిగ్రీలుండవలెను. పుష్యమాసపు చలిలో హీటరు పెట్టవలసియుండును. మన సీమలోని కఠినమగు బోరునీరు దీనికి సాధారణముగా సరిపడును. క్లోరిను కలిసిన కుళాయినీటిని ఒక దినము వెడల్పాటి పాత్రలో నిలువయుంచి వాడవలెను. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చుచు, తినగా మిగిలిన మేతను అప్పుడే తీసివేయవలెను. చేయిపెట్టినచో కఱచును, పసివారిని చేరనీయరాదు.

పోషింపలేక దీనిని చెఱువులో విడుచుట జీవకారుణ్యమని కొందఱు తలతురు. అట్లు కాదు. అది మన చెఱువులలోని చిన్నచేపలను మ్రింగును. వానిపై బ్రదుకు జాలరి యిల్లాండ్ర పొయ్యికే ముప్పు వాటిల్లును. అక్కఱలేనిచో అమ్మిన అంగడివారికో, పెంచ నేర్చినవారికో ఈయవలెను. పదేండ్లు బ్రదుకగల ప్రాణి యిది. అంతకాలము సాకగలమా యని కొనకమున్నే యోచింపుడని మా మనవి.