తాళం వేసిన డ్రైవర్లు

లినక్స్ కెర్నెల్‌కు తొమ్మిది, పది వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లలో ఆ అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి తెర నల్లగా ఉండిపోతుంది. కార్డు చెడిపోయి కాదు, కెర్నెల్‌లో తప్పు ఉండీ కాదు. ఆ రెంటినీ కలపాల్సిన డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు అతకక ఈ ఇబ్బంది వస్తుంది.

బయట నడిచే ప్రోగ్రాములకు లినక్స్ గట్టి హామీ ఇస్తుంది. నిన్న నడిచిన ప్రోగ్రాము కెర్నెల్ మారినందువల్ల ఇవాళ ఆగిపోతే, ఆ తప్పు కెర్నెల్‌దే అవుతుంది. లోపలి భాగాల విషయంలో మాత్రం ఇలాంటి హామీ ఏదీ లేదు. అలా ఎందుకో వివరిస్తూ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నెల్ సోర్స్‌తో పాటే ఉంటుంది. పాత పొరపాట్లను దిద్దుకోవాలంటే లోపలి ఫంక్షన్లను మార్చే స్వేచ్ఛ ఉండాలన్నది అందులోని వాదన. దానికి తోడు ఒక కట్టుబాటు ఉంది. ఫంక్షన్‌ను మార్చినవారే దాన్ని వాడుతున్న డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. కెర్నెల్‌లో చేరిన డ్రైవర్‌కు ఈ సేవ ఉచితంగా అందుతుంది. బయట ఉన్న డ్రైవర్‌ను దాని యజమానే చూసుకోవాలి.

ఎన్విడియా డ్రైవర్ బయటే ఉండిపోయింది. సోర్స్ చూపకుండా ముందే కంపైల్ చేసిన పెద్ద ముద్ద ఒకటి, దానిచుట్టూ సోర్స్ కనిపించే పలుచని పొర ఒకటి కలిపి కంపెనీ ఇస్తూ వచ్చింది. కెర్నెల్ మారినప్పుడల్లా ఆ పొరను వాడుకరి కంప్యూటర్‌లోనే మళ్లీ కంపైల్ చేయాలి. డెల్ కంపెనీ తయారుచేసిన డీకేఎంఎస్ ఆ పనిని చాటున చేసిపెడుతుంది. 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్ విషయమే చూడండి. ప్రోక్ ఫైళ్లకు కొత్త స్ట్రక్చర్ వచ్చింది. 32 బిట్ల సమయ లెక్క 2038లో నిండిపోతుంది కాబట్టి ఆ పాత టైపులను తీసేశారు. దాంతో అప్పటి డ్రైవర్ కంపైల్ కాలేదు. సవరణ కొద్ది పంక్తులే, పొర సోర్స్ తెరిచి ఉంది కాబట్టి బయటివారు కూడా దాన్ని చేయగలిగారు. అదే చిక్కు లోపలి ముద్దలో వస్తే కంపెనీ దయ కోసం ఎదురుచూడక తప్పదు.

లైసెన్సు చిక్కు ఇంతకన్నా ముదురు. కెర్నెల్ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. తన ఫంక్షన్లలో కొన్నిటిని జీపీఎల్ మాడ్యూళ్లకే అందిస్తుంది. మధ్యలో జీపీఎల్ పేరుతో ఒక చిన్న మాడ్యూల్ పెట్టి, దాని చాటు నుంచి మూసిన కోడ్‌కు ఆ ఫంక్షన్లను చేరవేసే దొడ్డిదారి ఒకటి ఉండేది. 2020 అక్టోబర్‌లో వచ్చిన 5.9 కెర్నెల్ ఆ దారిని మూసేసింది. నవంబర్ మధ్య వరకూ 5.9కు మారవద్దని ఎన్విడియా తన వాడుకరులకు చెప్పాల్సి వచ్చింది.

కంపెనీ వైపు కారణాలూ ఉన్నాయి. ఒకే కోడ్‌ను విండోస్‌కూ లినక్స్‌కూ వాడుకోవచ్చు, పోటీదారుల కంట పడకుండా రహస్యాలు కాపాడుకోవచ్చు. అయితే విండోస్‌లోనూ ఈ బాధ తప్పలేదు. విండోస్ విస్టాలో డ్రైవర్ పద్ధతి పూర్తిగా మారింది. 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్లవేనని తర్వాత కోర్టుకు చేరిన మైక్రోసాఫ్ట్ పత్రాల్లో తేలింది.

అసలు నష్టపోయేది పాత కార్డుల యజమానులు. ఫెర్మీ తరం కార్డులను నడిపే 390 డ్రైవర్ శ్రేణికి 2022 చివర్లో, కెప్లర్ తరం కార్డులను నడిపే 470 శ్రేణికి 2024లో మద్దతు ఆగిపోయింది. కార్డు బాగానే ఉన్నా, కొత్త కెర్నెల్‌కు తగిన డ్రైవర్ కంపెనీ నుంచి రాదు. కార్డుల తీరును బయటి నుంచి శోధించి స్వచ్ఛంద రచయితలు రాసిన నూవో డ్రైవర్ 2010లో కెర్నెల్‌లో చేరింది. కానీ 2014లో వచ్చిన రెండోతరం మ్యాక్స్‌వెల్ నుంచి కంపెనీ సంతకమున్న ఫర్మ్‌వేర్ లేనిదే కార్డు పూర్తి వేగం అందుకోదు. పాస్కల్ కార్డులదీ అదే స్థితి. నూవోతో అవి బూట్ అయినప్పటి నెమ్మది వేగంతోనే నడుస్తాయి. డబ్బు పెట్టి కొన్న వస్తువుకు ఇలా కళ్లెం వేయడం అన్యాయం. పోటీ కంపెనీ ఏఎండీ 2007లోనే తన కార్డుల సాంకేతిక పత్రాలను బయటపెట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందటి రేడియాన్ కార్డుల డ్రైవర్ కూడా కెర్నెల్‌లోనే ఉంది, కెర్నెల్‌తో పాటే మారుతూ వస్తోంది.

2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్‌ను విడుదల చేసింది. 2024లో వచ్చిన 560 శ్రేణి నుంచి, అవి నడపగల కార్డులన్నిటికీ మామూలుగా అవే ఇన్‌స్టాల్ అవుతున్నాయి. ఇది మంచి మార్పే. ఆ మాడ్యూళ్లు మాత్రం ఇప్పటికీ కెర్నెల్ బయటే ఉన్నాయి. క్యూడా (CUDA), ఓపెన్‌జీఎల్, వల్కన్ భాగాల సోర్స్ ఇంకా మూసే ఉంది. పైగా ఈ విడుదల 2018 నాటి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే వర్తిస్తుంది. చాలా పని ఆ కార్డుల్లోని జీఎస్‌పీ ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లిపోవడం వల్లే ఇది వీలైంది. మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా కార్డులకు 580 శ్రేణే చివరిది. వీటిలో రెండోతరం మ్యాక్స్‌వెల్, ఆ తర్వాతి కార్డుల వేగాన్ని అదుపు చేసే ఫర్మ్‌వేర్‌ను నూవో రచయితల చేతికి ఇస్తే వాటికి ఇంకా ఆయుష్షు ఉంటుంది. ఎన్విడియా ఆ పని ఇప్పుడైనా చేయాలి.