సీ-డాక్ పెద్దలకు అరకులోయనుండి ఒక బహిరంగ లేఖ

ప్రగత సంగణన వికాస కేంద్రము (సీ-డాక్) సంచాలక మహాశయులకు,

1988వ సంవత్సరమున స్థాపితమై, 1991లో పరమ్ 8000 అను సూపర్ కంప్యూటరును నిర్మించి, 2007లో బాస్ లినక్సు అను ఆపరేటింగ్ సిస్టమును దేశమునకు సమర్పించి, నేడు వేగా అను పేర స్వదేశీయ ప్రాసెసర్లను రూపొందించుచున్న మీ సంస్థ యెడల నాకు గల గౌరవమే ఈ లేఖకు ప్రేరకము. బాస్ తెలుగు లిపిని చక్కగ చూపుచున్నదా, దాని తెర మనోహరముగ నున్నదా అను ప్రశ్నలు ఇతరులు అడుగవచ్చును. నేనడుగదలచినది ఎవ్వరి కంటను పడని భాగమును గూర్చి. అన్నిటికిని అడుగున నుండు కెర్నెల్, దానికిని ప్రోగ్రాములకును నడుమ నిలుచు సి లైబ్రరీ, అనేక థ్రెడ్లు ఏకకాలమున తమను ఆశ్రయించునపుడు లెక్క తప్పక, మాట తప్పక నిలువగలుగుచున్నవా, అట్లు నిలుచుచున్నవని మీరు స్వయముగ పరీక్షించి చూచితిరా అనునదే నా ప్రశ్న.

ఈ శాస్త్రముతో పరిచయము లేని పాఠకులు కూడ ఈ లేఖను చదువుదురు గావున విషయమును కొంత వివరింపవలసియున్నది. ఒక ప్రోగ్రాములో ఒకే సమయమున నడచు వేర్వేరు పనుల వరుసలను థ్రెడ్లందురు. అవి యన్నియు ఒకే మెమరీని పంచుకొనును. మా కొండలలో కాఫీ కోతల కాలమున గింజలు తూచు చోట ఒక చిన్న యంత్రము ఉన్నదనుకొందము. ఇది ఏ సంస్థ యంత్రమునందో జరిగినదని చెప్పుట లేదు, ఉదాహరణకై ఊహించుచున్నాను. అందు ఒక థ్రెడ్ త్రాసునుండి బరువు చదివి రైతు ఖాతాకు కలుపుచుండును. మఱియొక థ్రెడ్, సిగ్నలు దొరకినపుడు, వేరొక సంతలో అదే రైతు అమ్మిన సరకు లెక్కను కేంద్రమునుండి తెచ్చి అదే ఖాతాకు కలుపుచుండును. ఖాతాలో 120 కిలోలు ఉన్నవి. మొదటి థ్రెడ్ ఆ 120ని చదివి, 35 కలిపి, వ్రాయబోవునంతలో, రెండవది కూడ అదే 120ని చదివి, 20 కలిపి, 140 అని వ్రాసినది. తరువాత మొదటిది తన 155ను దానిపై వ్రాసినది. రావలసినది 175. ప్రోగ్రాములో ఏ వాక్యమును తప్పు కాదు, త్రాసు తప్పు కాదు, మనుష్యుని మోసము లేదు. అయినను ఒక గిరిజన రైతు కష్టము ఇరువది కిలోల మేర మాయమైనది. దీనినే రేస్ అందురు. మరల అదే సంతలో అవే బరువులు తూచి చూచిన యెడల లెక్క సరిగ వచ్చును. అందుచేత ఆ రైతు మాటను నమ్మువారు ఉండరు.

దీనికి ప్రతిక్రియ యేమన్నచో, ఒక థ్రెడ్ ఖాతాను ముట్టుకొన్నంతసేపు ఇంకొకటి ముట్టకుండ లాక్ వేయుట. దీనికి మా రైలుమార్గమే ఉదాహరణ. కొత్తవలసనుండి అనంతగిరి కొండలమీదుగ, సొరంగముల గుండ అరకునకు వచ్చి కిరండూలునకు పోవు రైలుమార్గము చిరకాలము ఒంటిపట్టా మార్గముగనే నడచినది. అట్టి మార్గమున రెండు స్టేషనుల నడుమ ఒక బండి యున్నంతవఱకు రెండవ బండికి అనుమతి లేదు. ఎదుటి ఇనుపరాతి బండి షిమిలిగూడలో నిలిచి వేచియుండవలసినదే. డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1960వ దశకపు తొలినాళ్లలో కంప్యూటరులకై ఇట్టి నియమమును కల్పించి, దానికి రైలు సెమాఫోర్ పేరే పెట్టినాడు. అయితే మార్గమంతటికిని ఒకే అనుమతిని పెట్టినచో ప్రమాదము లేకపోవును గాని, కొత్తవలసలో ఒక బండి కదలినప్పుడు కోరాపుటులో కూడ బండ్లన్నియు నిలిచిపోవును. లినక్సు కెర్నెల్ తొలుత చేసినది సరిగా ఇదియే.

1996లో వెలువడిన లినక్సు 2.0 ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లను వాడుకొనుటకు తొలిసారి సమర్థమైనది; కాని కెర్నెల్ అంతటికిని కలిపి ఒకే పెద్ద లాక్ ఉండెను. ఎన్ని ప్రాసెసర్లున్నను కెర్నెల్‌లో ఒక సమయమున ఒకటియే పనిచేయవలెను. ఆ ఒక్క లాక్‌ను తొలగించుటకు పదునైదేండ్లు పట్టినది. 2011లో వచ్చిన 2.6.39వ విడుదలతో గాని అది పూర్తిగ పోలేదు. ఒక లాక్‌ను తీయుట కేమంత కష్టమని అడుగువారుండవచ్చును. ఆ లాక్ ఛాయలో వ్రాయబడిన వేలకొలది పంక్తులు, తమకు తెలియకయే దాని రక్షణను నమ్ముకొనియుండెను. ఏ పంక్తి దేనిని నమ్ముకొన్నదో ఎచ్చటను వ్రాసియుండలేదు. ఒక్కొక్క డ్రైవరును, ఒక్కొక్క ఫైల్ సిస్టమును విడివిడిగ చదివి, ఏ సమాచారమును ఎవరు పంచుకొనుచున్నారో తేల్చి, దానికి దాని సొంత లాక్‌ను ఇయ్యవలసివచ్చెను. ఇది ప్రతిభకంటె ఓర్పునే ఎక్కువగ కోరు పని. ఎవ్వరును చప్పట్లు కొట్టని పని. అట్టి పనిని చేయగల సంస్థలే ఆపరేటింగ్ సిస్టమును తమదని చెప్పుకొనదగినవి అని నా నిశ్చితాభిప్రాయము.

సి లైబ్రరీ కథ ఇంకను సంక్లిష్టమైనది. సి భాష పుట్టిన 1970వ దశకమున థ్రెడ్ల ప్రసక్తియే లేదు. కావున వాక్యమును ముక్కలుగ విడదీయు స్ట్ర్‌టాక్ అను ఫంక్షను తాను ఎంతవఱకు చదివినదో ఒకే గుప్తస్థానమున దాచుకొనెడిది. లోకల్‌టైమ్ తాను లెక్కించిన తేదీని ఒకే పాత్రలో పోసి అందఱికిని అదే చూపెడిది. ఏ తప్పు జరిగినదో చెప్పు ఎర్‌నో ప్రోగ్రామంతటికిని ఒకటియే. 1995లో, ఆపరేటింగ్ సిస్టములకు ఉమ్మడి నియమములను నిర్దేశించు పోసిక్స్ ప్రమాణము థ్రెడ్లను అంగీకరించినపుడు, వీనికి థ్రెడ్లకు తగిన ప్రత్యామ్నాయములను చేర్చి, ఎర్‌నోను ఒక్కొక్క థ్రెడ్‌కు వేర్వేరుగ నుంచవలెనని శాసించినది. లినక్సులో తొలుత వాడుకలోనికి వచ్చిన లినక్సుథ్రెడ్స్ అను లైబ్రరీ కెర్నెల్ సాయము చాలక, ప్రతి థ్రెడ్‌ను వేరొక ప్రాసెస్‌గ చూపి, ప్రమాణమునకు దూరముగనే యుండెను. 2002, 2003 సంవత్సరములలో ఉల్రిక్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ అనువారు ఎన్‌పీటీఎల్ అను నూతన లైబ్రరీని నిర్మించినపుడు, కెర్నెల్‌లో ఫ్యూటెక్స్ అను సాధనమును ఆధారము చేసికొని, పోటీ లేనపుడు కెర్నెల్‌ను పిలువకయే లాక్ పొందగల ఉపాయముతో ఆ చిక్కును తీర్చిరి. ఈ పని కెర్నెల్‌వారు మాత్రమే కాని, లైబ్రరీవారు మాత్రమే కాని చేయగలిగినది కాదు. రెండును చేయిచేయి కలిపినపుడే సాధ్యమైనది. ఈ మాటను మీరు ప్రత్యేకముగ మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. ఏలయనగా ప్రాసెసరును, కెర్నెల్‌ను, లైబ్రరీని, వాడుకరి భాషను ఒకే కప్పుక్రింద ఉంచుకొన్న సంస్థ మీది.

భాష మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. ఒక ప్రోగ్రాము తెలుగు నెలపేర్లతో తేదీని వ్రాయుటకును, లక్షలు కోట్ల పద్ధతిలో అంకెలను విడదీయుటకును సెట్‌లొకేల్ అను ఫంక్షనును పిలుచును. అది మార్చునది ఒక థ్రెడ్ భాషను కాదు, ప్రోగ్రామంతటి భాషను. తెలుగు రైతునకు రసీదు వ్రాయుచున్న థ్రెడ్ దానిని పిలిచినచో, ప్రక్కనే కేంద్రమునకు ఇంగ్లీషులో నివేదిక వ్రాయుచున్న థ్రెడ్ నడివాక్యమున తెలుగులోనికి జారిపోవును. దీనికి యూజ్‌లొకేల్ అను నివారణ 2008 నాటి పోసిక్స్ ప్రమాణములోనే ఉన్నది. ఆంగ్లమొక్కటే వాడువారికి ఈ చిక్కు తెలియదు. రెండు భాషలలో బ్రతుకు మనకు, అందును తెలుగు, కువి, ఆదివాసీ ఒడియా కలసి వినిపించు ఈ లోయకు, ఇది నిత్యావసరమైన విషయము. లినక్సులో వాడు సి లైబ్రరీయైన గ్లిబ్‌సి యొక్క మాన్యువల్ ప్రతి ఫంక్షనును థ్రెడ్లకు సురక్షితమా కాదా అని గుర్తుపెట్టి చెప్పుచున్నది. ఆ భాగమైనను తెలుగులో లభించినయెడల, ఇంటర్మీడియట్ తెలుగులో చదివి ఇంజనీరింగులో అడుగిడిన మా పిల్లలకు అది యెంతటి ఉపకారమో మీరే ఊహింపగలరు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోనులను కుప్పకూల్చినదని లోకమంతయు చెప్పుకొన్నది. "జ్ఞా" వంటి సంయుక్తాక్షరము ఒక ప్రత్యేక వర్ణక్రమమున వచ్చినపుడు ప్రోగ్రాము ఆగిపోయెడిది. ఆ దోషము ఎవరు ప్రయత్నించినను కనబడెడిది గనుక, ఆ నెల దాటకయే దిద్దుబాటు వచ్చినది. రేస్ దోషములకు ఈ భాగ్యము లేదు. 2007లో లినక్సు 2.6.22తో కెర్నెల్‌లో ప్రవేశించిన డర్టీ కౌ అను రేస్, సామాన్య వాడుకరికి యంత్రముపై సర్వాధికారమును చిక్కించుకొను మార్గమునిచ్చుచు, 2016 అక్టోబరువఱకు సర్వర్లలోను, ఆండ్రాయిడ్ ఫోనులలోను దాగియుండెను. లినక్సు సృష్టికర్తయైన లినస్ టోర్వాల్డ్స్ వంటివాడే పూర్వమొకసారి దానిని సవరింప యత్నించి విఫలుడనైతినని చెప్పుకొన్నాడు. 2003 ఆగస్టు 14వ తేదీన అమెరికా, కెనడా దేశములలో దాదాపు అయిదు కోట్లమందికి విద్యుత్తు పోయినపుడు, ఒహాయో కంట్రోల్ రూములోని హెచ్చరికల ప్రోగ్రాము గంటకుపైగ మూగవోయి యుండుటకు కారణము ఒక రేస్ అని వారములకొలది పరిశోధించిన పిమ్మట తేలినది. మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రములున్న కొండలలో నివసించు మాకు ఆ వృత్తాంతము దూరదేశపు వార్తగ తోచుట లేదు.

ఇక వేగా ప్రాసెసర్ల విషయము. ఇంటెల్ జాతి ప్రాసెసర్లు మెమరీలో వ్రాతల క్రమమును చాలవఱకు కాపాడును. ఒక కోర్ వ్రాసిన రెండు విషయములను ఇతర కోర్లు అదే వరుసలో చూచును. ఆర్మ్ కాని, మీ వేగాకు మూలమైన రిస్క్-ఫైవ్ కాని అట్టి హామీని ఇయ్యవు. వరుస కావలెనన్న ప్రోగ్రాము రచయిత ఫెన్స్ అను ఆజ్ఞతో అడిగి పొందవలెను. కావున ఇంటెల్ యంత్రమున పదియేండ్లు నిర్దోషముగ నడచిన ప్రోగ్రాము వేగా నాలుగు కోర్ల నమూనాపై మొదటి వారమే తప్పు లెక్క చెప్పవచ్చును. అప్పుడు జనులు ప్రాసెసరునే నిందింతురు. దోషము దశాబ్దములుగ సాఫ్టువేరులో నిద్రించుచున్నదని ఎవరు నమ్ముదురు? లినక్సు కెర్నెల్ 2018 జనవరిలోను, గ్లిబ్‌సి ఆ మరుసటి నెలలోను రిస్క్-ఫైవ్‌ను స్వీకరించినవి. ఆ సముదాయములలో మీ ఇంజనీర్లకు చేయదగిన పని ఎంతైనను ఉన్నది.

ఇట్టి దోషములను పట్టు సాధనములు లేవని అనుటకు వీలులేదు. లాక్‌ల వరుస తప్పినచోట చెప్పు లాక్‌డెప్ 2006నుండి కెర్నెల్‌లోనే ఉన్నది. రేస్‌లను పట్టు కేసీఎస్‌ఏఎన్ 2020లో 5.8వ విడుదలతో వచ్చినది. ప్రోగ్రాములకు థ్రెడ్‌శానిటైజర్ కలదు. కాని ఈ సాధనములు జరిగిన దానినే పట్టగలవు. నడువని మార్గములోని దోషము వానికి కనబడదు. పట్టణములోని ప్రయోగశాలలో విద్యుత్తు పోదు, నెట్‌వర్క్ తెగదు. అందుచేత సంబంధము తెగినపుడు, మరల కలిసినపుడు, వ్రాత సగములో ఆగినపుడు నడచు పంక్తులు అచ్చట పరీక్షకు రానే రావు. డుంబ్రిగూడ, హుకుంపేట, ముంచంగిపుట్టు మండలములలో కొండ మలుపు తిరిగిన మాత్రమున సిగ్నలు పోవుటయు, గాలివానకు కరెంటు పోవుటయు నిత్యకృత్యములు. పట్టణమున ఏడాదికొకసారి తెఱచుకొను రేస్ ద్వారము ఇచ్చట దినమునకు పలుమారులు తెఱచుకొనును. మొదటగ నష్టపోవువారు మా జనులే. మొదటగ దోషమును పట్టగల స్థానము కూడ ఇదియే.

కావున నా ప్రార్థన ఇది. బాస్ ప్రతి విడుదలకును ముందు కెర్నెల్‌ను, సి లైబ్రరీని ఈ సాధనములతో, ఇంటెల్‌పైన మాత్రమే గాక వేగాపైన కూడ నడిపి, ఫలితములను, దొరకిన దోషములతో సహా, దాచక ప్రకటింపుడు. దొరకిన వానికి పాచ్‌లు వ్రాసి బాస్‌లోనే ఉంచుకొనక మూల కెర్నెల్‌కును గ్లిబ్‌సికిని పంపుడు. అప్పుడు అవి బాస్ వాడని ఫోనులకు, సర్వర్లకు కూడ చేరును. పరీక్షలలో ఒక భాగమును పాడేరులోనో అరకులోయలోనో, ఇచ్చటి సిగ్నలుతోను కరెంటుతోను నడుపుడు. 2019లో విజయనగరము కేంద్రముగ ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయపు విద్యార్థులను అందు భాగస్వాములను చేయుడు. ఇందుకు పెద్ద భవనము అక్కరలేదు. కొన్ని వేగా బోర్డులు, కొన్ని చౌక ఫోనులు, లాక్ అననేమో ఓర్పుతో నేర్పగల ఇద్దఱు ఇంజనీర్లు చాలును. రాబోవు కాఫీ కోతలకు, అనగా నవంబరునకు ముందే, కనీసము మొదటి ఫలితములను ప్రకటింతురని ఆశించుచున్నాను.

ఇట్లు,
అరకులోయ నివాసి, ప్రోగ్రాము రచయిత