ట్యాంకు కిట్టుకి కసౌటీ ఏది?

ఈద్ అయిన వారం పది రోజుల్లో నాకొచ్చే ఫోన్లలో ఒక సవాల్ తప్పకుండా ఉంటుంది. "భాయ్, మావాడు ఈదీ పైసలు జమ చేసుకున్నాడు. ప్లాస్టిక్ ట్యాంకు కిట్ కావాలని జిద్దు. ఏ కంపెనీది మంచిది?" నాకు ఈ షౌక్ ఉందని, ఇంట్లో ఒక షెల్ఫ్ నిండా చిన్న చిన్న ట్యాంకులు ఉన్నాయని తెలిసినవాళ్లు అడుగుతారు. ఒక కంపెనీ పేరు చెప్పి ఫోన్ పెట్టేస్తే వాళ్లకీ ఆసాన్, నాకూ ఆసాన్. కానీ ఏది మంచిదో చెప్పే ముందు, మంచిది అంటే ఏమిటో తేల్చుకోవాలి కదా. ఆ విషయంలో బజారు మనకి ఒక గలత్ మేయార్ అలవాటు చేసిందని నా షికాయత్.

నేను మాట్లాడేది అరచేతిలో పట్టే 1/72, 1/76 సైజు కిట్ల గురించి. 1/72 అంటే అసలు ట్యాంకులో ఆరడుగులు ఇక్కడ ఒక అంగుళం. 1/76 బ్రిటన్ బొమ్మరైళ్ల లెక్క నుంచి వచ్చింది. ఎయిర్‌ఫిక్స్ 1961లో జర్మన్ పాంథర్‌తో ఆ సైజు ట్యాంకులు మొదలుపెట్టింది. పెద్ద కిట్లకి వాడే 1/35 కథ ఇంకా దిల్‌చస్ప్. జపాన్‌లో టమియా వాళ్లు తమ పాంథర్ బొమ్మలో మోటారు, బ్యాటరీలు పట్టాలని చూసుకుంటే తేలిన సైజు అది. మన ఇళ్లకి మాత్రం చిన్నదే సరి. జాగా తక్కువ, ఖర్చు తక్కువ, నాలుగు సాయంత్రాల్లో పని ఖతం.

ఇక బజారు మేయార్ సంగతి. బాక్స్ మీద భాగాల సంఖ్య ఎంత ఎక్కువుంటే కిట్ అంత గొప్పది అనుకుంటాం. దాంట్లో ఇత్తడి రేకు భాగాలు కూడా ఉంటే ఇంకా గొప్పది. పారకి పిడి వేరు, లాంతరుకి కాపు కడ్డీ వేరు, ట్రాకులో ఒక్కో కడియం వేరు. దీన్నే మనం నఫాసత్ అనుకొని దాద్ ఇస్తున్నాం. ఒక్క లెక్క వేసి చూడండి. అసలు ట్యాంకు మీద ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్న ఇనుప కడ్డీ 1/72లో 0.2 మిల్లీమీటర్లు అవుతుంది. అంత సన్నటి కడ్డీని ప్లాస్టిక్‌లో పోయడం మహా కష్టం. పోసినా, ఫ్రేమ్ నుంచి కత్తిరించేటప్పుడే పదేళ్ల బచ్చా వేళ్ల మధ్య విరుగుతుంది.

విరిగాక జరిగేది ఇంకా బాధాకరం. పిల్లలు కిట్టుని తప్పు పట్టరు, తమ చేతుల్నే తప్పు పడతారు. "అబ్బా, నాకు రాదు" అని బాక్స్ మంచం కిందికి తోసేస్తారు. మనలో ఎంతమంది ఇళ్లు చేతి హునర్ మీద నడుస్తున్నాయి! మెకానిక్, వెల్డర్, దర్జీ, జర్దోజీ పనివాడు, బిద్రీ కారీగర్. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ తన చేతిలో హునర్ లేదని పదేళ్లకే ఫైసలా చేసుకోవడం చిన్న నుఖ్సాన్ కాదు. కసూర్ అచ్చుది, సజా పిల్లాడికి. అందుకే కిట్ క్వాలిటీ నా దృష్టిలో పెద్దవాళ్ల ముచ్చట మాత్రమే కాదు.

నా కసౌటీలో వరస ఇది: ముందు షకల్, తర్వాత జోడు, ఆఖర్న తఫ్సీల్. బజారు దీన్ని తలకిందులు చేసింది.

షకల్ అంటే కొలత, ఆకారం. దీనికి ఉస్తాద్ అక్కర్లేదు, స్కూలు స్కేలు చాలు. రష్యన్ టి-34 అసలు వెడల్పు 3 మీటర్లు. 1/72లో అది దాదాపు 41.7 మిల్లీమీటర్లు ఉండాలి, 1/76లో 39.5. అంటే తేడా రెండు మిల్లీమీటర్ల పైనే. బాక్స్ మీద 1/72 అని రాసి లోపల 39 ఉంటే కంపెనీ నాప్‌తోల్‌లో ధోకా చేసినట్టే. తర్వాత చక్రాలు లెక్కపెట్టండి. టి-34కి, టి-55కి ఒక్కో పక్క ఐదు పెద్ద చక్రాలు. టి-55లో మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య కొట్టొచ్చినట్టు ఖాళీ ఉంటుంది. టి-72కి ఆరు. చక్రాలు సమానంగా పేర్చి టి-55 అని అమ్మితే, ఎన్ని ఇత్తడి రేకులు అంటించినా అది టి-55 కాదు. అంచుల్లో మిగిలిన పల్చటి ప్లాస్టిక్ పొరని బ్లేడుతో రెండు నిమిషాల్లో గీకేయొచ్చు. తప్పు ఆకారాన్ని ఏ బ్లేడూ సరిచేయదు.

ఈ పట్టింపు ఎందుకంటారా? హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు మన ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఘాజీపూర్ జిల్లా ధామూపూర్ ఆయన ఊరు. నాలుగో గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో పాటన్ ట్యాంకుల్ని కొట్టి, 10వ తేదీన షహీద్ అయ్యారు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ కథ విన్న పిల్లలు అడిగేది పాటన్ కిట్టే. ఆ యుద్ధంలో పాకిస్తాన్ ఫౌజు నడిపినవి ఎం-47, ఎం-48. ఎం-47లో ఐదుగురు కూర్చుంటారు, డ్రైవర్ పక్కన మెషిన్‌గన్ మనిషి ఉంటాడు. ఎం-48లో నలుగురే, ముందుభాగం పడవ అడుగులా గుండ్రంగా తిరుగుతుంది. ఒకసారి నేను తెప్పించిన కిట్ బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో పాటన్ అని ఉంది. లోపల ఉన్నది ఎం-60. దాని ముక్కు గుండ్రంగా ఉండదు, చీలలా ఏటవాలుగా ఉంటుంది. ఖేమ్‌కరణ్‌లో ఆ ట్యాంకు లేనే లేదు. భాగాలు అద్భుతంగా ఉన్నాయి, తఫ్సీల్ లాజవాబ్. కానీ దాన్ని చూపించి పిల్లలకి ఆ కథ ఎలా చెప్పను? తారీఖ్‌లో దియానత్ కావాలని మనమే రోజూ అడుగుతాం. బొమ్మలో కూడా అడగాలి.

షకల్ సరిగ్గా ఉన్న ఎం-48ని 1/72లో కట్టి పక్కన అదే స్కేల్ జీపు పెట్టి చూడండి. ట్యాంకు వెడల్పే ఐదు సెంటీమీటర్లు. జీపు మొత్తం పొడవు ఐదు సెంటీమీటర్లకి లోపే. ఆ జీపులో కూర్చుని ఆ ట్యాంకుకి ఎదురు నిలవడం అంటే ఏమిటో పిల్లలకి మాట చెప్పకుండానే అర్థమవుతుంది. నాప్ తప్పితే ఆ సబక్ కూడా తప్పుతుంది.

రెండోది జోడు. కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపుతారు, చల్లారాక అచ్చు విడదీసి, లోపలి నుంచి చిన్న పిన్నులతో భాగాన్ని బయటికి నెడతారు. ఆ పిన్నుల గుండ్రటి గుర్తులు ప్రతి కిట్టులోనూ ఉంటాయి. అవి ఎక్కడ ఉన్నాయన్నదే అసలు పరీక్ష. శ్రద్ధ ఉన్న తయారీదారు వాటిని కనపడని లోపలి వైపు పెట్టుకుంటాడు. అశ్రద్ధ ఉన్నవాడు టరెట్ మూత మీదే వదిలేస్తాడు. ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట చల్లారేటప్పుడు గుంట పడుతుంది, అదీ చూడాలి. గమ్ తెరవకముందే పై సగం, కింది సగం ఉత్తగా కలిపి పట్టుకోండి. వెలుతురుకి ఎదురుగా పెడితే సందు కనపడకూడదు. టరెట్ తన రంధ్రంలో కూర్చుని తేలిగ్గా తిరగాలి. ఈ పరీక్ష పిల్లాడితోనే చేయించండి. సందు కనపడితే "ఇది నీ తప్పు కాదు బేటా, అచ్చు తప్పు" అని అప్పుడే చెప్పేయండి.

చిన్న ట్యాంకుల్లో ఎక్కువ కిట్లు ఫెయిలయ్యేది ట్రాకుల దగ్గర. మెత్తటి వినైల్ పట్టీగా ఇస్తే చుట్టడం సులువు, కానీ మామూలు మోడల్ గమ్ దానికి అంటదు. కొన్ని రకాల వినైల్ ఏళ్లు గడిచాక తను తగిలిన ప్లాస్టిక్ చక్రాల్నే మెల్లగా తినేస్తుంది. పైగా టి-34, టి-55లకి పైన చిన్న రోలర్లు ఉండవు, అసలు ట్యాంకులో ట్రాకు బరువుతో వంగి చక్రాల మీద ఆనుతుంది. రబ్బరు పట్టీ మాత్రం తాడులా బిగుసుకుని నిలబడుతుంది. గట్టి ప్లాస్టిక్‌లో నిడివి ముక్కలు, వంపుల దగ్గర మాత్రం విడి కడియాలు ఇచ్చే పద్ధతి చూడ్డానికి మేలు, దానికి సబర్ కావాలి. పద్నాలుగేళ్ల పిల్లలకి అది సరి. పదేళ్ల వాళ్లకి చక్రాలూ ట్రాకూ ఒకే ముక్కగా వచ్చే కిట్టే ఇవ్వండి.

ఇక్కడ ఇన్సాఫ్ గురించి ఒక మాట. ప్రతి కిట్టుని దాని నీయత్‌ని బట్టి తూచాలి. ఆర్మర్‌ఫాస్ట్ వాళ్లు ఒక బాక్సులో రెండు ట్యాంకులిస్తారు, భాగాలు గుప్పెడే. బల్ల మీద యుద్ధం ఆట ఆడేవాళ్ల కోసం చేసినవి అవి. తఫ్సీల్ లేదని తిట్టడం జుల్మ్. జ్వెజ్దా వాళ్లు 1/100లో గమ్ లేకుండా నొక్కి బిగించే చిన్న ట్యాంకులు చేశారు. ఆ సైజులో టి-34 సరిగ్గా మూడు సెంటీమీటర్ల వెడల్పు. మొదటిసారి కట్టే బిడ్డకి అంతకంటే మంచి ఆగాజ్ నాకు తోచదు. పాత మ్యాచ్‌బాక్స్ కిట్లలో ప్లాస్టిక్‌కే రెండు మూడు రంగులుండేవి, కింద పెట్టుకోడానికి చిన్న నేల ముక్క ఇచ్చేవారు. పెయింటు కొనలేని పిల్లలకి అది ఎంత పెద్ద మెహర్బానీ! తర్వాత ఆ అచ్చులు రెవెల్ చేతికి వెళ్లాయి, ఎస్చీ అచ్చులు ఇటలేరి చేతికి. అంటే మెరిసే కొత్త బాక్సులో నలభై ఏళ్ల నాటి అచ్చు ఉండొచ్చు. అది ఐబ్ కాదు, కొత్త ధర వసూలు చేస్తేనే ఐబ్.

"హతియార్ల బొమ్మలు పిల్లలకెందుకు?" అని అడిగే బుజుర్గులున్నారు. ఆ సవాల్‌ని నేను కొట్టిపారేయను. ట్యాంకు మనుషుల్ని చంపే యంత్రమే. అందుకే దాన్ని నీటుగా, అబద్ధంగా చూపించే బొమ్మ కంటే, లోపల నలుగురు ఎంత ఇరుగ్గా కూర్చునేవారో తెలిపే బొమ్మ మేలంటాను. కట్టిన పిల్లల్ని వీలైతే అహ్మద్‌నగర్ కావల్రీ ట్యాంక్ మ్యూజియంకి తీసుకెళ్లండి, ఇప్పుడు ఊరి పేరు అహిల్యానగర్. అసలు ఇనుము పక్కన నిలబడ్డ పిల్లాడికి యుద్ధం సరదాగా అనిపించదు.

కాబట్టి వచ్చే ఈద్‌కి ఫోన్ చేసేవాళ్లకి నా జవాబు ముందే ఇక్కడ రాసి పెడుతున్నాను. కంపెనీ పేరు కంటే ముందు పిల్లల వయసు చెప్పండి, ఇంతకుముందు ఎన్ని కట్టారో చెప్పండి. బాక్స్ మీది రంగుల తస్వీర్ చూసి మురిసిపోకండి, లోపలి ఫ్రేముల ఫొటో అడిగి తెప్పించుకోండి, చక్రాలు లెక్కపెట్టండి. రెండు వందల భాగాల కిట్ ఒకటి కొనే డబ్బుతో ముప్ఫై భాగాలవి రెండు వస్తే, రెండే కొనండి. ఒకటి బిడ్డకి, ఒకటి మీకు. గమ్ వాసన తలకెక్కుతుంది, కిటికీ తెరిచి పెట్టుకోండి. బ్లేడు పని మీరు చేయండి, మిగతాది పిల్లలకి వదిలేయండి.