విద్యాలయములకు తూనికరాయి

విద్యార్థులకు ప్రతివత్సరమును పరీక్షలు పెట్టి మార్కులు వేయు కళాశాలలకు పరీక్ష పెట్టువా రెవరు? ఈ ప్రశ్నకు సమాధానముగా యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు 1994లో బెంగుళూరు ముఖ్యస్థానముగా నాక్ అను సంస్థను నెలకొల్పిరి. పాఠ్యప్రణాళిక, బోధనము, పరిశోధనము, వసతులు, విద్యార్థులకు తోడ్పాటు, పరిపాలనము, సంస్థ పాటించు విలువలు అను ఏడు విషయములను విచారించి, 4 పాయింట్లకు లెక్కగట్టి శ్రేణి నొసగుట దాని పద్ధతి. 3.51 మొదలుకొని పైకి వచ్చినవారికి ఏ డబుల్‌ప్లస్. ఆశయ ముత్తమమైనదే, ఇందు ఆక్షేపింపదగిన దేదియు లేదు.

అయినను కొలుచుటకై పుట్టిన అంకె క్రమముగా గడింపవలసిన ఆస్తి యయ్యెను. శ్రేణి హెచ్చిన ప్రకటనలకు వన్నె హెచ్చును, విద్యార్థులు హెచ్చుదురు. 2018 నాటి నిబంధనలు 3.51 వచ్చిన విశ్వవిద్యాలయములకు స్వయంపాలనాధికారములను గూడ విస్తరింపజేసినవి. ఇక 2017లో వచ్చిన మార్పు ననుసరించి మార్కులలో అధికభాగము సంస్థలు స్వయముగా సమర్పించు అంకెలపైననే ఆధారపడినది. లాభ మింత యున్నచోట ప్రలోభమునకు కొదువ యుండునా? 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతమునందలి యొక విద్యాసంస్థకు మంచి శ్రేణి నిచ్చుటకై నగదు, బంగారము, ఫోనులు, లాప్‌టాపులు చేతులు మారినవని సి.బి.ఐ. వారు ఆరోపించి, తనిఖీసంఘము అధ్యక్షుని, సభ్యులను నిర్బంధించిరి. నేరము రుజువగుటయు కాకుండుటయు న్యాయస్థానము తేల్చవలసినది. మేము తీర్పు చెప్పము. కాని ఇట్టి యారోపణ వినినంతనే జనులు నమ్ముటకు సిద్ధముగా నుండుటయే మిక్కిలి విచారకరము.

శ్రేణులను తీసివేసి, గుర్తింపు కలదు, లేదు అను రెంటినే నిలుపుదుమని 2024 జనవరిలో ప్రకటన వెలువడినది. అక్షరములు మారినంత మాత్రమున రోగము మారునా? 1950లో డెమింగు పండితుడు జపానువారికి బోధించిన దేమి? తుదిని తనిఖీ చేసి చెడు సరకును ఏరివేయుటవలన నాణ్యము రాదు. పని జరుగు క్రమమునందే దానిని పాదుకొల్పవలయు నని. ఆయన పేర 1951లో నేర్పడిన బహుమానమును 1998లో మన దేశమున మొట్టమొదట మదరాసు సుందరం క్లేటను కంపెనీ బ్రేకుల విభాగము గడించెను. అచ్చట విలువ పతకమునకు కాదు, దానిని గడించుటకు కార్మికుడు మొదలు యజమాని వరకు చేసిన నిత్యసాధనకు.

మన కళాశాలలందును ఆంతరంగిక నాణ్యతావిభాగము లుండవలయునను నియమము గలదు. తనిఖీసంఘము వచ్చు మాసమున గోడలకు సున్నము వేయించుట, కాగితములు పోగుచేయుట మాత్రమే దాని పనియైనచో అది యెవరికొరకు? అధ్యాపకుల ఖాళీలెన్ని, ప్రయోగశాల వారమున కెన్ని దినములు తెరవబడును, చేరినవారిలో చదువు ముగించిన వారెందరు అను లెక్కలను అది యేటేట బహిరంగముగా చెప్పవలయును. సంస్థ తన్ను గూర్చి వ్రాసికొనిన నివేదికను వెబ్‌సైటునం దుంచవలయునను నియమము ముందే యున్నది. దానిని చదువువారే కరవు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము: ద్వారముపైని అక్షరమును చూచి మరలి రాకుడు. ఆ నివేదికను చదువుడు, పఠనమందిరములలో చదివించుడు. అందలి అంకెలను ఇదివరకు చదివి వెడలిన విద్యార్థుల నడిగి సరిచూచుకొనుడు. కొనువాడు కన్ను తెరచినగాని త్రాసు సరిగా నిలువదు.