అల్లరి కుక్కను డే కేర్‌లో చేర్చే ముందు...

"కుక్కకు పనీ లేదు, నిలవడానికి తీరికా లేదు" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇంట్లో లాబ్రడారో బీగిలో ఉన్న గృహిణిని అడిగి చూడండి, ఆ సామెతకు అర్థం ఆవిడ విడమరిచి చెబుతుంది. పొద్దున్నే వాకింగుకు తీసుకెళితే గొలుసు పట్టుకున్న చెయ్యి భుజం దాకా లాగేస్తుంది. తిరిగొచ్చి కుక్కర్ పెట్టేలోపల ఓ చెప్పు మంచం కిందకి చేరుతుంది. సోఫా దిండ్లు, ఆరేసిన బట్టలు, చీపురుకట్ట, దేనికీ భద్రత ఉండదు. కాలింగ్ బెల్ మోగిందా, ఇక ఇల్లు పీకి పందిరేస్తుంది.

చాలా ఇళ్ళలో ఇలాంటి కుక్కని తెచ్చేది పిల్లలే. సరదాపడి తెస్తారు, ముద్దుపేరు పెడతారు, ఫోటోలు తీస్తారు. ఆ తర్వాత ఎవరి ఆఫీసు వాళ్ళది, ఎవరి కాలేజీ వాళ్ళది. పగలంతా దానితో వేగాల్సింది అమ్మే! వంటా, పెద్దవాళ్ళ మందులూ, బజారు పనీ చూసుకుంటూ దాని వెనక పరుగులు తీయడం ఎంతకని సాధ్యమవుతుంది?

అందుకే హైదరాబాదు, బెంగుళూరు లాంటి నగరాల్లో కుక్కలకూ డే కేర్ సెంటర్లు వచ్చాయి. పిల్లల క్రెష్ లాంటిదే అనుకోండి. పొద్దున దింపి, సాయంత్రం తెచ్చుకోవాలి. మనం ఊరెళ్ళినప్పుడు రాత్రిళ్ళు కూడా ఉంచుకునే బోర్డింగు వేరు, ఇది వేరు.

"అక్కడ పరిగెత్తి పరిగెత్తి అలసిపోతుంది, ఇంటికొచ్చి పడుకుంటుంది" అనే ఆశతోనే చాలామంది చేరుస్తారు. అక్కడే పొరపడుతున్నాం. హుషారు కుక్కకు కావలసింది ఒంటి అలసట ఒక్కటే కాదు, నెమ్మది కూడా. రోజంతా గంతులు వేయించే చోట దాని ఒంట్లో బలం పెరుగుతుంది గాని నెమ్మది రాదు. పైగా మీద పడి తోయడం, అరవడం లాంటివి మిగతా కుక్కల దగ్గర నేర్చుకుని వస్తుంది. కాబట్టి "మీ దగ్గర ఎంతసేపు ఆడిస్తారు?" అని కాదు, "ఎప్పుడెప్పుడు పడుకోబెడతారు?" అని అడగండి. ఆ జవాబుతోనే సగం సంగతి తెలిసిపోతుంది.

ఈ హుషారు ఎక్కడిది?

లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చల్లటి నీళ్ళలో పని చేసినవి. బీగిల్‌ని ఇంగ్లండులో కుందేళ్ళ వాసన పట్టుకుని గుంపుగా తరమడానికి పెంచారు. జర్మన్ షెపర్డ్ గొర్రెల మందల్ని కాసిన జాతి. మన రాజపాళయం, చిప్పిపారై వేటకుక్కలు. అంటే ఇవన్నీ పొద్దస్తమానం పని చేయడానికి పుట్టినవే. వాటిని తెచ్చి రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో పెట్టి, పని మాత్రం ఇవ్వడం లేదు. మరి అవి తమ పని తామే వెతుక్కోవూ? ఆ వెతుకులాటలో దొరికేదే మీ చెప్పు!

వయసు సంగతి కూడా ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా కుక్కకు కుర్రతనం. ఆ తర్వాత చాలావరకు తగ్గుతుంది. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి అస్థిమితంగా తయారైతే అది హుషారు కాకపోవచ్చు, దురదో నొప్పో అయి ఉండొచ్చు. ముందు పశువుల డాక్టరుకి చూపించండి.

ముందు ఇంట్లో ప్రయత్నించండి

డే కేర్‌కు డబ్బు కట్టే ముందు రెండు వారాలు ఇలా చేసి చూడండి. వాకింగులో మీరు లాక్కెళ్ళకుండా ఓ పది నిమిషాలు దాన్ని తోచినట్టు వాసన చూడనివ్వండి. వాసన చూడటం దానికి మనం పేపరు చదవడం లాంటిది, బుర్రకు పని. ఇంటికొచ్చాక పాత టవల్ పరిచి, దాని తిండి గింజలు చల్లి, చాపలా చుట్టి ముందు పెట్టండి. ముక్కుతో విప్పుకుని తినడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో మీ పోపు పని అయిపోతుంది. అయితే టవల్‌నే కొరికి మింగే కుక్కయితే దగ్గర ఉండి చూడాలి. "కూర్చో", "ఆగు" అనే రెండు మాటలు ఇంట్లో అందరూ ఒకే రకంగా చెప్పి నేర్పండి. దీంతో దారికొస్తే డే కేర్ అవసరమే ఉండకపోవచ్చు, లేదా వారానికి రెండు రోజులు చాలు.

అన్ని కుక్కలకూ డే కేర్ పడదన్నది కూడా గుర్తుంచుకోండి. ముసలివి, బెరుకువి, తోటి కుక్కల్ని చూస్తే మీదికి దూకేవి ఆ గుంపులో సుఖపడవు. వాటికి ఇంటికొచ్చి తిప్పే మనిషి మేలు. ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ రెండు మూడు వారాలూ పంపనే కూడదు.

టీకాల పుస్తకం

పది ఇళ్ళ కుక్కలు కలిసే చోట జబ్బులూ కలుస్తాయి. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి. ఇవి పూర్తి కాకుండా పిల్లను గుంపులోకి పంపకండి. గుంపులో త్వరగా పాకే కెనెల్ కాఫ్ అనే దగ్గుకు కూడా టీకా వేయించాలా అని డాక్టరుని అడగండి.

అందరికంటే ముందు భయపడాల్సింది పార్వోకి. వాంతులు, రక్తంతో విరేచనాలు పట్టుకుని పిల్ల రెండు మూడు రోజుల్లో చేజారిపోవచ్చు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకుని లాభం లేదు. మలం తీసేసి శుభ్రంగా కడిగాక, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి నేల మీద పది నిమిషాలు ఉంచాలి. తర్వాత మళ్ళీ కడిగి, ఆరాకే కుక్కల్ని వదలాలి. "నేల దేంతో కడుగుతారు?" అని సెంటర్‌లో అడగడం చాదస్తం కాదు.

గోమార్లకు, కొన్ని జిల్లాల్లో పిడుదులంటారు, నెలనెలా వాడే మందు తప్పనిసరి. వీటివల్ల వచ్చే జ్వరం మన దగ్గర కుక్కల్ని బాగా పీడిస్తుంది. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కలకే కాదు, మనుషులకూ వస్తుంది. ఆవరణలో నీళ్ళు నిలిచి ఉన్నాయేమో చూడండి.

మీ టీకాల పుస్తకం అడగకుండానే "రేపట్నుంచి తీసుకురండమ్మా" అన్నారనుకోండి, మిగతావాళ్ళని కూడా అడగలేదనే అర్థం. అక్కడి నుంచి అటే వచ్చేయండి.

వెళ్ళి కళ్ళారా చూడండి

మొదటిసారి కుక్కను ఇంట్లో ఉంచి మీరొక్కరే వెళ్ళండి. కుక్కలు ఉన్న వేళ, పదకొండు గంటలప్పుడు వెళ్ళడం మంచిది. లోపలికి రానివ్వకపోతే కారణం అడగండి. కొత్త మనుషుల్ని చూసి కుక్కలు బెదురుతాయని అనొచ్చు, అది న్యాయమే. అప్పుడు కిటికీలోంచైనా చూపించమనండి. ఏదీ చూపించని చోటు మనకొద్దు.

గుమ్మానికి రెండు గేట్లు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. హుషారు కుక్క రోడ్డు మీదికి దూకడానికి ఒక్క క్షణం చాలు. నున్నటి టైల్స్ మీద పరిగెడితే కాళ్ళు జారి కీళ్ళు దెబ్బతింటాయి, మట్టి నేలో గరుకు నేలో ఉంటే మేలు. పెద్దవీ చిన్నవీ వేరువేరుగా ఉన్నాయా? ఇరవై అయిదు కిలోల లాబ్రడార్ సరదాకి కాలేసినా మూడు కిలోల పొమరేనియన్‌కు ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికంటే మనుషుల్ని చూడండి. పది పన్నెండు కుక్కలకు ఒక మనిషైనా వాటి మధ్యనే ఉండాలి, అన్నీ హుషారువే అయితే ఇంకా తక్కువ కుక్కలకే ఒకరుండాలి. ఆ మనిషి కళ్ళు కుక్కల మీద ఉన్నాయా, సెల్‌ఫోన్ మీద ఉన్నాయా? కెమెరాలు పెట్టాం, ఇంటి నుంచే చూసుకోవచ్చు అంటారు. మంచిదే. కానీ కెమెరా పోట్లాట విడదీయదు కదా! ఏ.సి. గదులు, గోడల మీద బొమ్మలు, పుట్టినరోజు కేకులు మనల్ని మురిపించడానికి. కుక్కకు కావలసింది దాన్ని గమనించే మనిషి.

తప్పక అడగాల్సినవి

1. రోజులో విశ్రాంతి ఎంతసేపు? పెద్ద కుక్క కూడా రోజు మొత్తం మీద పన్నెండు గంటల దాకా నిద్రపోతుంది. గంట ఆటకు గంట విశ్రాంతి, మధ్యాహ్నం విడిగా చీకటి గదిలో నిద్ర అంటే వాళ్ళకు పని తెలిసినట్టే.

2. అల్లరి చేస్తే ఏం చేస్తారు? కాసేపు పక్కకు తీసుకెళ్ళి శాంతపరుస్తాం అంటే సరే. "రెండు దెబ్బలు వేస్తే అదే వింటుంది" అన్నా, రోజంతా కట్టేసినా వద్దు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కొట్టడం, అన్యాయమైనంతసేపు పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం నేరాలే.

3. ఆటలో మెడ గొలుసులు తీసేస్తారా? ఒకదాని పన్ను ఇంకోదాని పట్టీలో ఇరుక్కుంటే రెండూ గుంజుకుని ఊపిరాడకుండా పోతుంది.

4. దెబ్బ తగిలితే ఏ డాక్టరు? ఎంత దూరం? తీసుకెళ్ళే బండి ఎవరిది? ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

5. ఎండాకాలం ఏం చేస్తారు? కుక్కకు మనలా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. ఆడుతున్న హుషారులో దానికి ఆగడం తెలియదు. ఒళ్ళు 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ప్రమాదం. మన ఎండల్లో తొమ్మిది దాటాక బయటి ఆట ఉండకూడదు. హస్కీకి, మూతి చప్పిడిగా ఉండే పగ్‌కి మరీ జాగ్రత్త. వడదెబ్బ తగిలితే ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడుపుతూ, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

6. ఫీజులో ఏమేం కలిశాయి? బండి పంపడం, స్నానం, తిండి విడిగా వేస్తారేమో ముందే తేల్చుకుని రసీదు తీసుకోండి.

డబ్బా మీరే కట్టివ్వండి

అక్కడి తిండి కొత్తదై కడుపు పాడవకుండా ఇంటి డబ్బా పంపండి. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, కేరట్ ముక్కలు చాలు, ఎముకలు మాత్రం పూర్తిగా ఏరేయాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని పాడు చేస్తాయి కాబట్టి కూర అన్నం వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు, అంచేత పాయసం ముద్దలూ వద్దు. చాక్లెట్ అసలే వద్దు. డబ్బా మీద పేరు రాసి, "మా కుక్కకు వేరే ఏమీ పెట్టకండి" అని చెప్పండి. పెద్ద జాతి కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తిన్న తర్వాత గంటసేపు గంతులు వేయనివ్వొద్దని కూడా చెప్పండి.

మొదటి వారం

మొదటి రోజు రెండు గంటలు, తర్వాత సగం రోజు, ఆ పైన పూర్తి రోజు. మొదటి రోజే గుంపులోకి తోసేయకుండా, నెమ్మదైన ఒక కుక్కతో పరిచయం చేసి చూసే చోటు మంచిది. తోక ఊపుతోందంటే సంతోషమే అనుకోకండి, కంగారులోనూ ఊపుతుంది. ముందు కాళ్ళు వంచి వెనక భాగం పైకెత్తితే "ఆడుకుందాం రా" అని పిలవడం. తోక కాళ్ళ మధ్యకు పోయి, చెవులు వెనక్కి వాలి, ఊరికే మూతి నాక్కుంటూ ఆవలిస్తుంటే "ఇక చాలు" అని మొర.

ఇంటికొచ్చాక నీళ్ళు తాగి, తిని, హాయిగా పడుకుంటే సరిపడినట్టే. గొంతు బొంగురుపోయినా, కుంటుతున్నా, తిండి మానేసినా, నిద్రలేక ఇంకా ఎక్కువ గెంతుతున్నా ఏదో తేడా ఉంది. మూడో రోజు ఆ గేటు చూడగానే కూలబడి వెనక్కి లాగుతోందా? దానికి నోరు లేదు, చెప్పగలిగింది అదే. కట్టిన ఫీజు పోతుందని చూడకండి.

మీ ఊళ్ళో డే కేర్ లేకపోతే దిగులు పడక్కర్లేదు. కుక్కలున్న నలుగురు ఇరుగుపొరుగు కలిసి వంతులు వేసుకోవచ్చు. నమ్మకమైన కాలేజీ కుర్రాడికి నెలకింత ఇచ్చి పొద్దునా సాయంత్రం తిప్పించవచ్చు. తెచ్చిన పిల్లలకు కూడా ఓ పూట బాధ్యత రాసిపెట్టండి. సరదా వాళ్ళది, చాకిరీ మీది అయితే ఆ విసుగు చివరికి కుక్క మీదికే పోతుంది.

ఆ విసుగుతోనే కొందరు బాగా పెరిగిన కుక్కను కారెక్కించుకెళ్ళి ఊరి బయట వదిలేసి వస్తున్నారు. అదీ ఆ చట్టం ప్రకారం నేరమే. ఇంటి తిండి తిని పెరిగిన కుక్క వీధిలో ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి? వారానికి రెండు రోజుల డే కేర్‌తో మీకు కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికి, ఆ కుక్క మీ ఇంట్లోనే మిగిలిపోతే ఆ డబ్బు దండగ కాదు. కాకపోతే చేర్చే ముందు ఒక పూట ఖర్చు పెట్టి, చూసి, అడిగి మరీ చేర్చండి.