రెక్కలు కోడికేనా?

నేను పండితుణ్ణి కాను. చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. ముప్పయ్యేళ్ళుగా అంకెలు కూడిన చేతితో మాటల గురించి రాస్తున్నాను గనుక తప్పులుంటే పెద్దలు దిద్దగలరు. కాని ఈ విషయంలో ఊరకుండటం నా వల్ల కాలేదు.

హోసూరులో మేము కొందరం ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. ఆ తరగతి కోసం శరీర భాగాల పటం ఒకటి అచ్చు వేయిస్తామని ఒక సంఘంవారు ముందుకు వచ్చారు. సంఘం పేరు అనవసరం, వారి ఉద్దేశం మంచిదే. మాటల జాబితా రాసే పని నాకు అప్పగించారు. వీపు పైభాగాన, భుజానికి వెనుక, రెండు పక్కలా పలకల్లా తగిలే ఎముకలున్నాయి గదా, వాటికి నేను 'రెక్క ఎముక' అని రాసి ఇచ్చాను. అచ్చయి వచ్చిన పటంలో ఆ మాట లేదు. దాని చోట 'అంసఫలకం' ఉంది. ఇదేమిటని అడిగితే ఒక పెద్దమనిషి నవ్వి, "రెక్కలు కోడికుంటాయండీ, మనిషికా? మన సరిహద్దు యాసను పిల్లల నెత్తిన రుద్దకండి. శాస్త్రీయమైన మాట ఉండాలి" అన్నారు.

ఈ నాలుగు ముక్కల్లో మూడు ఆరోపణలున్నాయి. రెక్క మనిషిది కాదు, అది యాస, అది శాస్త్రీయం కాదు. లెక్క సరిచూసినట్టు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది. రెక్క మనిషిది కాకపోతే 'రెక్కాడితేగాని డొక్కాడదు' అన్న సామెత ఎవరిది? కోళ్ళు చెప్పుకొన్నదా? రెక్కల కష్టం, రెక్కలు ముక్కలు చేసుకోవడం, పెడరెక్కలు విరిచి కట్టడం, ఇవన్నీ మనిషి చేతుల గురించి, భుజాల గురించి పుట్టిన మాటలే. తలుపుకు రెక్క ఉంది. ఫ్యానుకూ రెక్క ఉంది. వెడల్పుగా ఉండి ఒక పక్కగా కదిలేదానిని తెలుగువాడు రెక్క అన్నాడు. చేయి ఎత్తినప్పుడల్లా వీపు మీద కదిలే ఆ పలక ఎముకకు ఇంతకంటె తగిన పేరేముంది?

అర్థం జరిగితే తప్పంటారా? అయితే 'భుజం' సంగతి చూడండి. సంస్కృతంలో భుజమంటే చేయి. విష్ణువు చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడని అర్థం గాని, నాలుగు మూపులవాడని కాదు. ఆ మాటను మనం చేతి నుంచి పైకి జరిపి మూపు దగ్గర నిలబెట్టాం. కన్నడంవారూ అంతే చేశారు. సంస్కృతపు మాట జరిగితే ఒప్పు, తెలుగు మాట జరిగితే తప్పూనా?

రెండోది, యాస అన్న మాట. పాత నిఘంటువుల్లో ఈ మాటను బండి ఱతో 'ఱెక్క' అని రాశారు. సంస్కృతంలో ఆ అక్షరమే లేదు. అంటే ఇది ఎక్కడి నుంచీ అరువు తెచ్చుకొన్నది కాదు, పుట్టుకతో వచ్చిన ఆస్తి. కన్నడంలో దీన్ని రెక్కె అంటారు, తమిళంలో ఇఱక్కై అంటారు. మూడూ ఒక కడుపున పుట్టినవే. మొన్న మా అమ్మను ఇక్కడి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన తమిళులు. "రెక్క కింద పోటు పొడుస్తా ఉంది నాయనా" అంది అమ్మ. నేను తమిళంలో చెప్పబోయేలోపలే ఆయన చేయి సరిగ్గా ఆ చోటికే వెళ్ళింది. మా అమ్మ 'అంసఫలకం' అని ఉంటే ఆయన నా మొహం చూసి ఉండేవారు. సరిహద్దులో ఉన్నందువల్ల మన మాట చెడిపోలేదు. దాని అక్కచెల్లెళ్ళు ఎవరో మనకు చెవులారా వినిపిస్తోంది, అంతే.

మూడోది, శాస్త్రీయత. అంసమంటే భుజశిరస్సు, ఫలకమంటే పలక. సుశ్రుతుడు మర్మస్థానాలు చెప్పినప్పుడు ఈ పేరు వాడాడు. గొప్ప పేరే, కాదనను. కాని విప్పి చూస్తే అందులో ఉన్నది ఒక చెక్కపలక! ఇంగ్లీషువారి షోల్డర్ బ్లేడ్‌లోని బ్లేడు మొదట ఆకు. జర్మనువారు నేటికీ ఆకు అనే అర్థమున్న మాటతోనే ఈ ఎముకను పిలుస్తారు. రష్యావారి లొపాత్కా అంటే చిన్న పార. వైద్యులు వాడే లాటిను మాట స్కాపులా కూడా తవ్వడమనే అర్థమున్న ధాతువు నుంచే వచ్చి ఉండవచ్చునని భాషావేత్తలు కొందరంటారు. అందులో వింత లేదు, కొత్తరాతి యుగంలో ఎద్దు రెక్క ఎముకను పారగా వాడినవారున్నారు. మూడు వేల ఏళ్ళ కిందట చీనావారు ఎద్దు రెక్క ఎముకల మీద, తాబేటి చిప్పల మీద రాసిన రాతలే వారి లిపిలో మనకు దొరికిన తొలి రాతలు. ఇలా ఒకరికి ఆకు, ఒకరికి పార, ఒకరికి పలక. అందరూ ఇంట్లో, పొలంలో కంటికి కనబడినదాని పేరే పెట్టుకొన్నారు. వాళ్ళ పార శాస్త్రమై, మన రెక్క మోటెలా అయింది?

నేను సంస్కృత ద్వేషిని కాను. కళాశాల పుస్తకంలో అంసఫలకం ఉండనివ్వండి. అప్పు తేవడం పాపమని బ్యాంకువాడెవడూ అనడు. ఇంట్లో డిపాజిట్టు పెట్టుకొని అదే పనికి అప్పు తేవడం మాత్రం తెలివితక్కువ. మనవైపు వారికీ ఒక మనవి. తెలుగు గొప్ప చూపాలని మూపుకూ మోపుకూ ముడి పెట్టడం, రెక్కను రేకులోంచి తీయడం వంటి పనులు వద్దు. ఉన్న ఆస్తి చాలు, దొంగ పత్రాలు అక్కరలేదు.

ఇంత చిన్న మాటకు ఇంత రభస ఎందుకంటారేమో. 2006లో వచ్చిన చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. పిల్లలు తమిళం నేర్వడం మంచిదే, నేనూ ఆ భాషలోనే సగం బ్రతుకుతున్నాను. కాని బడిలో తెలుగుకు చోటు తగ్గినకొద్దీ మన పిల్లలకు మిగిలేది ఇంటి తెలుగే. ఆదివారం తరగతికి వచ్చి, అవ్వ చెప్పే మాట తప్పని అక్కడ నేర్చుకొంటే, ఆ పిల్ల అవ్వతోనూ తెలుగు మానేస్తుంది. మొన్న ఎనిమిదేళ్ళ పాప ఒకతె ఆ పటం చూసి 'అంస... అంస...' అని తడబడి, చివరకు ఇంగ్లీషులో చెప్పేసింది. పటంలో మూపు లేదు, జబ్బ లేదు, దండచేయి లేదు. అన్నిటికీ కలిపి భుజమని ఒక్క గీత గీశారు. ఎద్దు మూపురాన్ని చూపి, నీ మూపూ ఇదీ ఒక మాటేనమ్మా అని చెప్పే అవకాశమూ పోయింది.

బ్యాంకులో పదేళ్ళు లావాదేవీ లేని డిపాజిట్టును 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి జమ కడుతున్నాం. అయినా సొంతదారు వచ్చి అడిగితే ఇవ్వవలసిందే. మాటలకు అటువంటి నిధి లేదు. వాడేవారు పోతే అడిగేవారూ ఉండరు.

సంఘంవారు కోపగించుకోకూడదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవలసిన పని ఎవరికీ లేదు. నేను అడిగేది ఒక్కటే. పటాన్ని మళ్ళీ అచ్చు వేయించండి. రెక్క ఎముక అని పెద్ద అక్షరాలతో, కింద చిన్న అక్షరాలతో అంసఫలకం అని వేయించండి. మూపు, జబ్బ, దండచేయి, చంక, వేటి గీత వాటికి గీయించండి. అచ్చు ఖర్చు నేను పెట్టుకొంటాను. బరంపురంలో, బళ్ళారిలో, యానాంలో, సిరోంచలో ఉన్న పాఠకులు తమ ఇళ్ళలో ఈ చోట్లకు ఏ మాట వాడతారో ఒక కార్డు ముక్క రాసి పత్రికకు పంపితే, అవీ పటంలో చేరుద్దాం.