పొరుగువారి పొగ

ప్రతి సంవత్సరము జులై 1వ తేదీన నాందేడు జిల్లాలోని బాబ్లీ ఆనకట్ట తలుపులు ఎత్తబడును. అక్టోబరు 28వ తేదీవరకు వానిని దింపరాదు. మార్చి 1వ తేదీన 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. ఇది 2013వ సంవత్సరము ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు. దీని అమలును కనిపెట్టుటకు ముగ్గురు సభ్యుల సంఘమొకటి ఏర్పడినది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందలి మా చదువరులలో ఈ సంగతి నెఱుగనివారు అరుదు. ఏలయన ఆ నీరే శ్రీరాంసాగరమునకు చేరి, కాకతీయ కాలువవెంట వచ్చి మన మళ్లను తడుపవలెను. అంతకుముందే గోదావరి జలములను రాష్ట్రములకు పంచుటకు ట్రిబ్యునలు కూర్చుండి 1980లో తీర్పు చెప్పియుండెను. నీటి విషయమున మనవారు ఇంత జాగ్రత్తపరులు.

ఆ మహారాష్ట్రమునుండియే మనకు గాలియు వచ్చుచున్నది. గాలికి తలుపులు పెట్టుట ఎవరితరమును కాదు. కాని దానికి లెక్కయైనను లేకపోవుట మాకు వింతగా తోచుచున్నది.

ప్రాణహిత గోదావరుల వెంబడి భూమిలో బొగ్గు విస్తారముగ కలదు. బొగ్గున్నచోటనే విద్యుత్కేంద్రములును వెలసినవి. మహారాష్ట్రములోని చంద్రపురమున 2,920 మెగావాట్లు, మంచిర్యాల జిల్లా జైపూరున సింగరేణివారివి 1,200, రామగుండమున ఎన్.టి.పి.సి. వారి పాత కేంద్రమున 2,600, దాని ప్రక్కనే కొత్తగా కట్టిన తెలంగాణ కేంద్రమున 1,600 మెగావాట్లు. పటము ముందుంచుకొని చూచిన విద్యార్థికి రామగుండము జగిత్యాలకు నేరుగ తూర్పుననున్నదనియు, చంద్రపురము ఉత్తరదిక్కున ఒకింత తూర్పునకు ఒరిగియున్నదనియు తెలియగలదు. శీతకాలమున మనకు గాలి సామాన్యముగ తూర్పు ఈశాన్యములనుండియే వీచును. నైరృతి పట్టినపుడు మన పొగ వారివైపు పోవును. ఇందులో ఎవరును ఎవరికిని బాకీలేనివారు కారు.

ఈ కేంద్రముల పొగగొట్టములు అంత యెత్తుగ నుండుటకు కారణమేమని పిల్లలు అడుగుచుందురు. 500 మెగావాట్లును అంతకు మించినవియు నగు యంత్రములకు 275 మీటర్ల గొట్టముండవలెనని మన దేశమున చిరకాలముగ నిబంధన నడచినది. అనగా కుతుబ్ మీనారునకు మూడున్నర రెట్లు దాటిన యెత్తు. క్రిందనున్న ఊరివారికి ఊపిరి తిరుగవలెనని చేసిన యేర్పాటది, మంచిదే. అయితే పైకి పోయిన గంధకధూమము ఆకసమున లయించిపోదు. అది గాలితో పయనించుచు రెండు మూడు దినములలో కంటికానని సన్నని కణములుగ మాఱి, వందల మైళ్ల యవతల నేలకు దిగును. పొడవైన గొట్టము పొగను మాన్పదు, విలాసము మార్చును.

ఈ సంగతి లోకమునకు మొదట తెలిపినవారు పండితులు కారు, రైతులు. కెనడాలో ట్రెయిల్ అను చిన్న పట్టణమున సీసము, తుత్తునాగము కరగించు కర్మాగారమొకటి కలదు. అమెరికా సరిహద్దు దానికి పదిమైళ్ల లోపే. 1925లోను 1927లోను అచ్చట 409 అడుగుల పొగగొట్టములు రెండు లేపిరి. పొగ కొలంబియా నది లోయవెంట దిగువకు సాగి వాషింగ్టన్ రాష్ట్రపు రైతుల పైరులను మాడ్చెను. వారు మొఱపెట్టిరి. రెండు ప్రభుత్వములు మధ్యవర్తుల నేర్పఱచుకొనినవి. నష్టపరిహారముగ మొదట 3,50,000 డాలర్లును, పిమ్మట 1938లో 78,000 డాలర్లును నిర్ణయింపబడినవి. 1941 నాటి తుది తీర్పులో, ఒక దేశము తన నేలపై లేచిన పొగచే పరుల నేలకు తీవ్రమగు హాని చేయుటకు హక్కు లేదని మధ్యవర్తులు తేల్చిరి. నేటికిని అంతర్జాతీయ న్యాయశాస్త్రము చదువువారు ఈ తీర్పుతోనే పాఠము మొదలుపెట్టుదురు. రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న దినములలో రెండు దేశములు కొందఱు కాపువాండ్ర పొలములకొఱకు ఇంత ఓర్పుతో వ్యాజ్యెము నడపుట స్మరింపదగిన విషయము.

ఇంగ్లండు కథ ఇంతకంటె పొడవైనది. 1952 డిసెంబరులో లండను నగరమును పొగమంచు కప్పి వేలాది జనులను పొట్టనబెట్టుకొనెను. 1956లో ఆ దేశమువారు చట్టము చేసిరి, ఇండ్ల పొయ్యిలను మార్చిరి, విద్యుత్కేంద్రములకు ఎత్తైన గొట్టములు కట్టిరి. లండనుకు వెలుగు వచ్చెను. అంతలో నార్వే, స్వీడనుల సరస్సులలో చేపలు చచ్చుచుండెను. 1960ల చివర స్వాంటె ఓడెన్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు ఆ నీటి పులుపు ఇంగ్లండునుండియు ఐరోపా నడిమి దేశములనుండియు గాలిలో వచ్చుచున్నదని చెప్పినపుడు అనేకులు నమ్మలేదు. 1972లో స్టాక్‌హోమున ఐక్యరాజ్యసమితి మహాసభ కూడినపుడు స్వీడనువారు ఈ మొఱనే వినిపించిరి.

అప్పుడు వారు చేసినపని మా మనస్సున నాటుకొన్నది. ఒండొరులను దూషించుటకు ముందు కొలుచుట మొదలుపెట్టిరి. 1977లో ఐరోపా దేశములన్నిట ఒకే పద్ధతిని గాలిని, వానను కొలుచు ఏర్పాటు జరిగెను. ఏ దేశపు గంధకము ఏ దేశమున ఎంత దిగుచున్నదో పట్టికలు సిద్ధమయ్యెను. 1979 నవంబరు 13వ తేదీన జెనీవాలో ఒడంబడిక కుదిరెను. దానిపై అమెరికా చేవ్రాలు చేసెను, సోవియట్ రష్యాయు చేసెను. ఆనాడు ఆ యిరువురును మఱి యే విషయమునను ఏకీభవించెడివారు కారని పెద్దలెఱుగుదురు. 1985లో హెల్సింకిలో గంధకమును నూటికి 30 వంతులు తగ్గింతుమని కొన్ని దేశములు ప్రతిన చేసెను. ఇంగ్లండు అందు చేరలేదు. అందఱికంటె ఎక్కువ చేరవలసినవాడే తప్పుకొనెను! అయినను పట్టికలు ప్రతియేడును అచ్చగుచునే యుండెను, ఇంగ్లండు పేరు అందు కనబడుచునే యుండెను. 1994లో ఓస్లోలో మఱియొక పత్రము వ్రాసికొనినపుడు ఇంగ్లండును సంతకము చేసెను. నేడు ఐరోపాలో గంధకధూమము 1980 నాటి దానిలో స్వల్పభాగమే. యుద్ధము చేయలేదు, వర్తకము మానుకొనలేదు. లెక్క యొకటి బల్లమీద పెట్టిరి.

ఒడంబడిక అను కాగితమే చాలునని మేము చెప్పుట లేదు. మలయా ద్వీపకల్పమునకు రబ్బరు తోటల పనికి వలసపోయిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట కలరు. 1997లో సుమత్రా, కాలిమంటన్ అడవులు, తోటలు తగులబడిన పొగ వారి ఊళ్లను వారములతరబడి కప్పినది. 2002లో ఆసియాన్ దేశములు పొగమంచు ఒడంబడిక వ్రాసికొనినవి. కాని నిప్పు పుట్టుచోటగు ఇండోనీసియా దానిని ఆమోదించుటకు 2014 వచ్చెను. 2015లో మఱల పొగ కమ్మెను. పొయ్యి యజమాని రాని పంచాయితీలో తీర్పెట్టిదో గ్రామములలో పెరిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మన ఖండము సంగతి. 1998లో మాలే నగరమున భారతదేశము, పాకిస్తాను, నేపాలు, భూటాను, బంగ్లాదేశము, శ్రీలంక, మాల్దీవులు, ఇరాను కలిసి గాలిని గూర్చి ఒక ప్రకటన చేసెను. మఱుసటి యేడే, 1999లో, వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ మొదలగు శాస్త్రజ్ఞులు మాల్దీవులు కేంద్రముగ హిందూమహాసముద్రముపై పరిశోధనలు జరిపి, శీతకాలమున మన ఖండపు పొగ గోధుమవర్ణపు తెరవలె సముద్రముపై పఱచుకొనుచున్నదని కనుగొనిరి. కర్మాగారము లేని దీవులపై మన వంటచెఱకు, మన బొగ్గు, మన మోటారుబండ్లు! ప్రకటనయు, పరిశోధనయు ఇట్లు కలిసివచ్చిన సమయమది. అయినను మాలే ప్రకటన ఏ దేశమును ఇంత తగ్గింపుమని కట్టడి చేయలేదు. కొలతకేంద్రములు కొన్ని వెలసెను, సభలు జరిగెను, అంతటితో ఆగెను. 2024 శరత్తులో లాహోరు నగరము పొగలో మునిగినపుడు పాకిస్తాను పంజాబు ముఖ్యమంత్రిణి మరియం నవాజు ఈ విషయమున భారతదేశముతో సంప్రదింపులు జరుగవలెనని బహిరంగముగ చెప్పిరి. ఆ యాకసము క్రిందనే అమృతసరసును కలదు. అచ్చటి పిల్లలకును, ఇచ్చటి పిల్లలకును దగ్గు ఒక్కటియే.

ఇరుదేశములకును పడని దినములలో ఇట్టి మాట లెందుకని కొందఱు అందురు. మేమిందు భిన్నాభిప్రాయులము. పడనివారు కలిసిన నిదర్శనము జెనీవాలో కలదని పైన చెప్పితిమి. మఱియు మన వాయు కాలుష్య నివారణ చట్టము (1981) అంతర్జాతీయ సభ బిడ్డయే. స్టాక్‌హోము నిర్ణయములను నెరవేర్చుటకే ఈ చట్టము చేయుచున్నామని దాని పీఠికలోనే వ్రాసియున్నది. అటులనే ఓజోను పొరను కాపాడు 1987 నాటి మాంట్రియలు ఒడంబడికలో భారతదేశము 1992లో చేరెను. బీదదేశములకు యంత్రములు మార్చుకొనుటకు ధనికదేశములు ధనమియ్యవలెనని పట్టుబట్టి సాధించినవారిలో మనవారును కలరు. ఆ సాయముతో, మందులకు కావలసినది తప్ప, క్లోరోఫ్లోరోకార్బనుల తయారీని గడువుకంటె ముందే 2008లో మాన్పిరి. శతాబ్దముల తరబడి బొగ్గు కాల్చినవారు మనకు నీతులు చెప్పుట యేమని కోపించువారికి ఈ యుదాహరణమే మా సమాధానము. కోపము న్యాయమైనదే, దానిని సభలో కూర్చుండి ధనముగను యంత్రములుగను మార్చుకొనవలెను.

మన గల్ఫు కుటుంబములకు మఱియొక యుదాహరణము సమీపమైనది. 1991లో కువైటు నుండి వెనుదిరుగుచు ఇరాకు సైన్యము 600కు పైగా చమురుబావులకు నిప్పంటించెను. చివరి మంట నవంబరున గాని ఆరలేదు. 1990లో సర్వస్వము విడిచి కువైటునుండి వచ్చిన భారతీయ కార్మికులకు పరిహారమిచ్చిన ఐక్యరాజ్యసమితి సంఘమే, పొరుగు దేశములు గాలికి నేలకు కలిగిన నష్టమునకై పెట్టుకొనిన అర్జీలనుగూడ విచారించెను. పొగకు పత్రములుండునా, సాక్ష్యముండునా అనువారికి ఇది చూపవచ్చును.

మన దేశములోపల జరుగుచున్నది చూతము. ఢిల్లీ చుట్టుపట్ల గాలికొఱకు పంజాబు, హర్యానా, రాజస్థాను, ఉత్తరప్రదేశములను కలిపి 2021 నాటి చట్టముతో ఒక కమిషను ఏర్పడినది. గాలికి జిల్లాలు, రాష్ట్రములు లేవని ప్రభుత్వమే ఒప్పుకొనిన ట్లయ్యెను. కాని అది రాజధాని ప్రాంతమునకు మాత్రమే. 2019లో ఆరంభించిన జాతీయ కార్యక్రమమున మన రాష్ట్రమునుండి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరువు వంటివి చేరెను; జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలు లేవు. 2015 డిసెంబరున బొగ్గు విద్యుత్కేంద్రములు గంధకమును పట్టు యంత్రములు పెట్టుకొనక తప్పని హద్దులు విధించిరి. గడువులు పొడిగించుచు పోయి, 2025 జులైలో పెద్ద నగరములకు దూరముగనున్న అధికభాగము కేంద్రములకు ఆ బాధ్యతయే తీసివేసిరి. వ్యయము హెచ్చు, కరెంటు ధర పెరుగును అను వాదము మాకు అర్థము కాకపోలేదు. సిరిసిల్ల మరమగ్గములవారికి యూనిటుపై ఒక పైసా పెరిగినను భారమే. అయినను నగరమునకు దూరమైనచోట లేచిన పొగ ఎవరికిని తగులదను భావమే ఇందు తప్పు. దూరముననున్నవారు కూడ ఊపిరి పీల్చుదురు గదా!

కావున గోదావరి బొగ్గుప్రాంతమునకు తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వములు ఉమ్మడి కొలతసంఘమొకటి నియమింపవలెనని మా కోరిక. ఒకే రకపు యంత్రములు, ఒకే పట్టిక, ప్రతిమాసము అందఱికి కనబడు ప్రకటన: మొదట ఇంతే. మన యింట ఇది చేసికొనినపుడు లాహోరుతోను, ఢాకాతోను, మాలేతోను మాటాడుటకు మనకు నోరు లేచును. మాలే ప్రకటనకు తగ్గింపు ప్రతినలు చేర్చి బ్రతికించు భారము ఆ యెనిమిది దేశములలో పెద్దదగు భారతదేశముపైననే యున్నది.

వరికొయ్యల మాట దాచుట న్యాయము కాదు. యాసంగి కోతలైన పిమ్మట మన మళ్లలోను నిప్పు కనబడుచున్నది. దీనికై రైతును దండింపుమనువారితో మేము ఏకీభవింపము. హార్వెస్టరు కోసిపోయిన మడిలో కొయ్యలు నిలిచియుండును. పశువులు తగ్గినవి, కూలి పెరిగినది, వానకాలపు నాటు ముంచుకొని వచ్చును. అగ్గిపుల్ల ఖరీదుకు పనియగుచున్నపుడు మఱియొక మార్గము చూపకుండ నిందించుట సులభము. గడ్డిని చుట్టి కట్టలు కట్టు బేలరు యంత్రములు ఇప్పుడు వచ్చినవి. ఆ కట్టలు పాడి పశువులున్న గ్రామములలో అమ్ముడుపోవును. చిన్నరైతు అది కొనలేడు, సహకార సంఘము కొనగలదు. వచ్చు కోతలకు ముందుగనే తమ తమ సింగిల్ విండో కార్యాలయములలో బేలరు కలదా, ఎకరమునకు అద్దె యెంత యని విచారించి, లేనియెడల అర్జీ పెట్టవలసినదిగ రైతులైన తల్లిదండ్రులను కోరుచున్నాము. ఆ అర్జీ వ్రాసిపెట్టుటకు పదవతరగతి పిల్లలు చాలుదురు.